జెండాలో మన రంగు ఏది?

బజారులో గజాల లెక్కన కొన్నంతవరకు బట్ట ఒక సరుకు. కుట్టించి తొడుక్కుంటే దుస్తులు. అదే బట్ట మూడు రంగుల్లో, నడుమ చక్రంతో కర్ర మీద ఎగిరితే కోట్లాది మంది లేచి నిలబడతారు. నూలు మారలేదు, నేత మారలేదు. మారిందల్లా మనుషులు దానికి ఇచ్చుకున్న అర్థం. ఆ అర్థాన్ని ఎవరు ఇచ్చారు? అది మన మీద ఏదైనా బాధ్యత మోపుతుందా? విశ్వాసులుగా మనం ఆ బాధ్యతను ఎలా చూడాలి? ఈ ప్రశ్నలను కాస్త నిదానంగా పరిశీలిద్దాం.

ఈ పరిశీలన ఎందుకంటే, మన ఇళ్ళలోనూ బడుల్లోనూ ఒక మాట తరచుగా వినబడుతూ ఉంటుంది. కాషాయం హిందువులది, ఆకుపచ్చ ముస్లింలది, తెలుపు క్రైస్తవులది, ఇతరులది అని. స్వాతంత్ర్య దినం వచ్చిందంటే పిల్లలు ఈ మాటను ముచ్చటగా అప్పజెబుతారు. చెప్పేవారి ఉద్దేశ్యం మంచిదే. ఈ దేశంలో అందరికీ చోటుందని చెప్పాలన్నదే వారి తాపత్రయం. అయితే అందులో ఒక చిక్కు ఉంది. మన రంగు ఆకుపచ్చ మాత్రమే అయితే మిగతా రెండు రంగులూ మనకు పరాయివా? పొరుగింటి హిందూ సోదరునికి ఆకుపచ్చతో సంబంధం లేదా? మూడు రంగులనూ ముగ్గురికి పంచేస్తే, అందరిదీ అని చెప్పుకోవడానికి ఇక మిగిలేది జెండా కర్ర ఒక్కటే!

ఇంతకూ ఈ పంపకం నిజమేనా? ఒకప్పుడు నిజమే. తర్వాత దాన్ని మన పెద్దలు ఆలోచించే మార్చారు. ఎందుకు మార్చారో తెలుసుకుంటే ఆ మార్పులో ఎంత విలువైన నీతి ఉందో అర్థమవుతుంది.

బెజవాడలో ఒక చిత్తరువు

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య అప్పటికి ఎన్నో ఏళ్ళుగా జాతీయ పతాకం గురించే ఆలోచిస్తూ ఉన్నారు. 1916లోనే వివిధ నమూనాలతో ఒక పుస్తకం ప్రచురించారు. జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్ జెండాపై రాట్నం ఉండాలని సూచించారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉండేలా ఒక చిత్తరువు గీసి ఇవ్వమని గాంధీజీ వెంకయ్యను కోరారు. కొద్ది గంటల్లోనే ఆయన గీసి ఇచ్చారు.

ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తు అన్నది అప్పటి భావన. మరి మిగతా మతాలవారి మాటేమిటన్న ఆలోచనతో గాంధీజీ తెలుపును చేర్చారు. ఆ జెండాలో రంగుల వరుస కూడా గమనించదగినది. అన్నిటికంటే పైన తెలుపు, మధ్యన ఆకుపచ్చ, అడుగున ఎరుపు. సంఖ్యలో అతి తక్కువగా ఉన్నవారికి పై స్థానం ఇవ్వాలని, సంఖ్యాబలం ఉన్నవారు బలహీనులకు కవచంగా నిలబడాలని గాంధీజీ వివరించారు. ఖిలాఫత్ ఉద్యమంలో హిందూ ముస్లింలు భుజం భుజం కలిపి నడిచిన రోజులవి. ఆ కాలపు ఆప్యాయత ఆ వరుసలో కనబడుతుంది.

ఎంత ఉదాత్తమైన భావన! అయినా అది పదేళ్ళు తిరక్కుండానే కష్టంలో పడింది.

పంచిన చోట పేచీ తప్పదు

రంగులు మతాలకు పంచిన తర్వాత సహజంగానే మరొకరు అడిగారు, మా రంగు ఏదీ అని. తమకు కూడా జెండాలో ఒక రంగు కావాలని సిక్కు సోదరులు కోరారు. ఆ కోరికలో అన్యాయం ఏమీ లేదు. ఇద్దరికి పేరుపేరునా చోటిచ్చి మూడోవారిని 'ఇతరులు' అనే మాటలో కలిపేస్తే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది. వారికి ఇస్తే జైనులు, పారసీలు, బౌద్ధులు అడగరా? ఎన్ని రంగులని చేర్చగలం?

1931లో కాంగ్రెస్ ఈ విషయం తేల్చడానికి ఏడుగురితో ఒక కమిటీని వేసింది. మౌలానా ఆజాద్, నెహ్రూ, పటేల్, మాస్టర్ తారాసింగ్ అందులో ఉన్నారు. మన మచిలీపట్నానికి చెందిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య దానికి కన్వీనర్. పంపకపు పేచీ ఏదీ లేకుండా ఒకే కాషాయ రంగు, దానిపై రాట్నం ఉంచాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. అఖిల భారత కాంగ్రెస్ కమిటీ దాన్ని ఆమోదించలేదు. 1931 ఆగస్టులో బొంబాయిలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చలతో, నడుమ నీలిరంగు రాట్నంతో మూడు రంగుల జెండానే స్వీకరించింది.

అయితే ఈసారి అర్థం మారింది. ఈ రంగులకు మతపరమైన అర్థం ఏదీ లేదని ఆ తీర్మానం స్పష్టం చేసింది. కాషాయం ధైర్యానికీ త్యాగానికీ, తెలుపు శాంతికీ సత్యానికీ, ఆకుపచ్చ విశ్వాసానికీ శౌర్యానికీ గుర్తులన్నది. ఎరుపు స్థానంలో కాషాయం వచ్చింది. అడుగున ఉన్న రంగు పైకి, పైన ఉన్నది మధ్యకు మారాయి. ఇవి కంటికి కనిపించే మార్పులు. కంటికి కనిపించని అసలు మార్పు ఏమిటంటే, అంతకు ముందు ఒక్కో రంగు ఒక్కో సమాజానికి దక్కిన వాటా. ఆ తర్వాత ప్రతి రంగూ ప్రతి మనిషి మీదా పడిన బాధ్యత.

ఇక్కడ మనం కాస్త ఆగి ఆలోచించాలి. వాటాకూ బాధ్యతకూ మధ్య తేడా చిన్నది కాదు. వాటా తీసుకున్నవాడు తనకు ఎంత వచ్చిందని కొలుచుకుంటాడు. పక్కవాడికి ఎక్కువ వచ్చిందేమోనని చూస్తాడు. బాధ్యత తీసుకున్నవాడు తాను ఎంత నెరవేర్చానని కొలుచుకుంటాడు. ఆస్తి పంపకాల దగ్గర తోబుట్టువులు విడిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. ముసలి తల్లికి సేవ చేసే బాధ్యతను పంచుకున్న తోబుట్టువులు మాత్రం మరింత దగ్గరవుతారు.

రాజ్యాంగ సభలో

1947 జూన్‌లో రాజ్యాంగ సభ డాక్టర్ రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన పతాక కమిటీని ఏర్పాటు చేసింది. మౌలానా ఆజాద్, సరోజినీ నాయుడు, రాజాజీ, మున్షీ, అంబేద్కర్ అందులో సభ్యులు. 1947 జూలై 22న నెహ్రూ ప్రవేశపెట్టిన తీర్మానాన్ని సభ ఆమోదించింది. ముదురు కాషాయం, తెలుపు, ముదురు ఆకుపచ్చ సమానమైన వెడల్పులో అడ్డంగా ఉండాలి. తెలుపు మధ్యన ముదురు నీలంలో చక్రం ఉండాలి. జెండా పొడవు, ఎత్తు 3:2 నిష్పత్తిలో ఉండాలి. ఆ చక్రం సారనాథ్‌లోని అశోకుని సింహ స్తంభపు పీఠం మీద చెక్కి ఉన్నది. దానికి 24 ఆకులు.

రాట్నం పోయి చక్రం ఎందుకు వచ్చింది? నెహ్రూ చెప్పిన కారణాల్లో ఒకటి చాలా సాదాసీదాది. జెండాను రెండు వైపుల నుండీ చూస్తారు. రాట్నానికి ఒక పక్క చక్రం, మరో పక్క కదురు ఉంటాయి. వెనుక నుండి చూస్తే బొమ్మ తారుమారవుతుంది. చక్రం మాత్రం ఎటు నుండి చూసినా ఒకేలా ఉంటుంది.

ఇది నమూనా గీసేవారి ఇబ్బంది మాత్రమే కావచ్చు. కానీ మనకు ఇందులో ఒక పాఠం ఉంది. ఒకరి దగ్గర ఒక ముఖంతో, మరొకరి దగ్గర మరో ముఖంతో వ్యవహరించేవాడు మనుషుల్లో అతి చెడ్డవాడని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. వేదిక మీద ఐక్యత గురించి మాట్లాడి, ఇంటికి వచ్చి పొరుగు మతంవారిని ఎగతాళి చేసే మనిషి ఆ చక్రం కింద నిలబడటానికి సిగ్గుపడాలి. ఆ మనిషి ఏ మతంవాడైనా సరే.

అదే రోజు డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ సభలో రంగుల గురించి మరో వివరణ ఇచ్చారు. కాషాయం నిస్వార్థతకు గుర్తు, నాయకులు సొంత లాభం చూసుకోకూడదు. తెలుపు వెలుగుకు, సత్యమార్గానికి గుర్తు. ఆకుపచ్చ నేలతో, పైరుపచ్చతో మనకున్న సంబంధానికి గుర్తు. చక్రం ధర్మానికి, కదలికకు గుర్తు. ఆయన మాటల సారాంశం ఇది. ముస్లిం సభ్యుల్లో చౌదరీ ఖలీకుజ్జమాన్, అస్సాంకు చెందిన సయ్యద్ ముహమ్మద్ సాదుల్లా తీర్మానాన్ని బలపరిచారు. ఖలీకుజ్జమాన్ కొద్ది నెలలకే పాకిస్తాన్ వెళ్ళిపోయారు. సాదుల్లా ఇక్కడే ఉండి రాజ్యాంగ ముసాయిదా కమిటీలో సభ్యునిగా పనిచేశారు. జెండాకు మద్దతుగా మాట్లాడటం ఒక రోజు పని, ఆ మాట మీద నిలబడటం జీవితకాలపు పని అన్నది ఈ ఇద్దరి కథ చూస్తే తెలుస్తుంది.

రెండు సందేహాలు

ఈ సందర్భంగా మన మనసుల్లో కలిగే రెండు సందేహాలను దాచుకోకుండా చర్చించుకుందాం.

మొదటిది: 'మన రంగు అంటూ ఒకటి ఉంటే కనీసం గుర్తింపు ఉండేది. అందరి రంగులూ అందరివే అంటే చివరకు సంఖ్యలో ఎక్కువ ఉన్నవారి రంగే మిగులుతుంది కదా?' ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే జెండాలో చోటు దొరికితే రక్షణ దొరుకుతుందా? పాకిస్తాన్ జెండానే చూద్దాం. 1947 ఆగస్టు 11న ఆమోదించిన ఆ జెండాలో కర్ర వైపు నాలుగో వంతు తెలుపు. అది మైనారిటీలకు గుర్తు. అంత చోటిచ్చినా 2023 ఆగస్టులో అక్కడి జరాన్‌వాలాలో అల్లరి మూకలు చర్చిలను, క్రైస్తవుల ఇళ్ళను తగులబెట్టాయి. ఆ తెలుపు వారిని కాపాడలేదు.

అదే కొలబద్దతో మనల్ని కూడా కొలుచుకోవాలి. త్యాగం, సత్యం, విశ్వాసం గుర్తులుగా ఉన్న జెండా కిందే 1984లో ఢిల్లీలో సిక్కులు, 2002లో గుజరాత్‌లో ముస్లింలు పెద్ద సంఖ్యలో హతమయ్యారు. ఆ జెండా కిందే 1990లో కశ్మీరీ పండితులు ఇళ్ళు వాకిళ్ళు వదిలి లోయ దాటవలసి వచ్చింది. బట్టకు ఎవరినీ కాపాడే శక్తి లేదు. కాపాడవలసింది రాజ్యాంగం. సమానత్వం గురించిన 14వ అధికరణం, వివక్ష కూడదన్న 15వ అధికరణం, మత స్వేచ్ఛ గురించిన 25వ అధికరణం. వాటిని నిలబెట్టవలసింది మనుషులు. గుర్తింపు కోసం రంగును అడగటం కంటే న్యాయం కోసం రాజ్యాంగాన్ని చేతబట్టడం మేలు. అది మన కోసమే కాదు, అన్యాయానికి గురైన ఎవరి కోసమైనా.

రెండో సందేహం: 'జెండా ముందు నిలబడి వందనం చేయటం ఆరాధన కిందికి రాదా?' విశ్వాసికి ఈ సందేహం రావటం తప్పు కాదు. తౌహీద్ విషయంలో జాగ్రత్త అవసరమే. అయితే ఇస్లాం గౌరవానికీ ఆరాధనకూ మధ్య స్పష్టమైన గీత గీసింది. సజ్దా, దుఆ, మొక్కుబడి, అగోచరమైన సహాయం కోరటం, ఇవి అల్లాహ్‌కు మాత్రమే చెందినవి. ఒక గుర్తును గౌరవించి నిలబడటం, దాన్ని నేలపాలు కాకుండా చూడటం మర్యాద.

హజ్రత్ ఉమర్ (రజి) కాబా గృహంలోని నల్లరాయిని ముద్దాడుతూ అన్న మాటలు మనకు తెలుసు. అది ఒక రాయి మాత్రమేనని, లాభం గానీ నష్టం గానీ కలిగించలేదని, దైవప్రవక్త (సఅసం) ముద్దాడటం చూశారు గనుకే తానూ ముద్దాడుతున్నానని ఆయన చెప్పారు. నల్లరాయి స్థానం వేరు, జెండా స్థానం వేరు. రెండింటినీ పోల్చటం మా ఉద్దేశ్యం కాదు. అంత పవిత్రమైన రాయి విషయంలోనే అది స్వతహాగా శక్తి లేనిదన్న స్పృహ మనకు నేర్పబడిందంటే, మిగతా గుర్తుల విషయంలో ఆ స్పృహ ఇంకెంత ఉండాలి! ఆ స్పృహ ఉన్నవాడు జెండాను నిశ్చింతగా గౌరవించగలడు. దానికి లేని దైవత్వాన్ని అంటగట్టకుండా ఉండగలడు కూడా.

దైవప్రవక్త (సఅసం) జెండాలు

ఆకుపచ్చ ఇస్లాం రంగు అన్న భావన మనలో బలంగా నాటుకుపోయింది. స్వర్గవాసుల దుస్తులు పచ్చని పట్టువస్త్రాలని దివ్యఖుర్ఆన్ వర్ణించింది, నిజమే. కానీ దైవప్రవక్త (సఅసం) కాలంలో ఎత్తిన పతాకాల గురించి హదీసుల్లో వచ్చేది ఎక్కువగా నలుపు, తెలుపు రంగులే. ముస్లింలు అధికంగా ఉన్న దేశాల జెండాలు చూసినా ఏకరూపత లేదు. ఇండోనేషియాది ఎరుపు, తెలుపు. టర్కీది ఎర్రని జెండా. బంగ్లాదేశ్ జెండా పచ్చనిదే, కానీ అది ఆ నేల పచ్చదనానికి గుర్తు. మరోవైపు క్రైస్తవులు ఎక్కువగా ఉన్న ఐర్లండ్ జెండాలో ఆకుపచ్చ కాథలిక్కులకు, నారింజ రంగు ప్రొటెస్టెంట్లకు, మధ్య తెలుపు వారి మధ్య శాంతికి గుర్తు. రంగులన్నీ అల్లాహ్ సృష్టించినవే. ఏ రంగూ ఒక సమాజం సొత్తుగా ఆకాశం నుండి దిగి రాలేదు. మనుషులను జాతులుగా, తెగలుగా చేసింది ఒకరినొకరు గుర్తించుకోవడానికేనని, అల్లాహ్ దగ్గర గౌరవం దైవభీతిని బట్టేనని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరా బోధిస్తుంది. గుర్తింపు వరకే రంగు, గొప్పతనం రంగులో లేదు.

జెండా విలువ ఏమిటో చెప్పే ఉదంతం మూతా యుద్ధంలో ఉంది. హిజ్రీ 8వ సంవత్సరం, అంటే క్రీ.శ. 629. జైద్ బిన్ హారిసా (రజి) జెండా పట్టి అమరులయ్యారు. జాఫర్ బిన్ అబూ తాలిబ్ (రజి) అందుకున్నారు. ఒక చెయ్యి తెగితే మరో చేత్తో, అదీ తెగితే గుండెకు హత్తుకుని నిలబెట్టి ఆయనా అమరులయ్యారు. తర్వాత అబ్దుల్లాహ్ బిన్ రవాహా (రజి) వంతు. ఆయనా అమరులయ్యారు. చివరకు అది ఖాలిద్ బిన్ వలీద్ (రజి) చేతికి వచ్చింది.

మనం సాధారణంగా ఈ కథను ఇక్కడితో ఆపేస్తాం. ఆ తర్వాత జరిగింది కూడా అంతే ముఖ్యం. ఖాలిద్ (రజి) ఆ జెండాను పట్టుకుని, తమ కంటే ఎన్నో రెట్లు పెద్దదైన రోమన్ సేన ముందు నుండి ముస్లిం సైన్యాన్ని నేర్పుగా వెనక్కి తీసుకువచ్చారు. మదీనాలో కొందరు పారిపోయి వచ్చారని దెప్పితే, దైవప్రవక్త (సఅసం) వారిని సమర్థించారు. ముగ్గురు ఆ జెండా కోసం ప్రాణాలిచ్చారు. నాలుగో మనిషి ఆ జెండాతో ప్రాణాలు కాపాడారు. జెండా ఉన్నది దాని చుట్టూ ఉన్న మనుషుల కోసం. మనుషులను తొక్కుతూ జెండాను పైకెత్తటం దానికి గౌరవం కాదు.

మూడు రంగులూ మనవే

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. జెండాలో మన రంగు ఏది? ఆ మూడు గుణాలను మన ధర్మం ముందు పెట్టి చూద్దాం.

కాషాయం త్యాగం, నిస్వార్థత. తమకే అవసరం ఉన్నా ఇతరులకు ప్రాధాన్యమిచ్చిన మదీనా అన్సార్లను దివ్యఖుర్ఆన్ హష్ర్ సూరాలో ప్రశంసించింది. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) సొంత మాటలు మాట్లాడే వేళ ప్రభుత్వ సొమ్ముతో వెలిగే దీపాన్ని ఆర్పేసేవారని చరిత్రకారులు రాశారు. వక్ఫ్ భూమిని సొంతానికి వాడుకునే ముతవల్లీ, పింఛను కాగితం మీద సంతకానికి చెయ్యి చాచే ఉద్యోగి, వీరిద్దరూ ఆ పై రంగుకు దూరమైనవారే. ఆ దీపం ఆర్పిన ఖలీఫా మాత్రం ఆ రంగుకు ఎంతో దగ్గరివారు.

తెలుపు సత్యం. మీకే, మీ తల్లిదండ్రులకే, మీ బంధువులకే వ్యతిరేకమైనా సరే న్యాయానికి సాక్షులుగా నిలబడమని నిసా సూరా ఆదేశిస్తుంది. మనవాడు తప్పు చేస్తే కప్పిపుచ్చి, ఎదుటివాడు చేస్తే చాటింపు వేయటం తెలుపును మురికి చేయటమే. చేతి ఫోనుకు వచ్చిన ప్రతి వదంతినీ నిజమో కాదో చూడకుండా పదిమందికి పంపటం కూడా అలాంటిదే.

ఆకుపచ్చ విశ్వాసం, నేలతో బంధం. ఒక ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి గానీ, పక్షి గానీ, పశువు గానీ తింటే అది అతనికి దానపుణ్యంగా రాయబడుతుందని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. ఆ రంగు మాదే అని గర్వపడే మన వీధుల్లో మొక్కలెన్ని ఉన్నాయో, ఈద్ మర్నాడు చెత్త ఎంత ఉంటోందో ఒకసారి చూసుకుందాం.

ఈ మూడింటిలో ముస్లింకు అక్కరలేనిది ఏదైనా ఉందా? ఒకటి మాది, రెండు మీవి అనటం వల్ల మనం గెలుచుకున్నది ఒకటి, వదులుకున్నవి రెండు. హిందూ, క్రైస్తవ, సిక్కు సోదరుల విషయంలోనూ ఇదే నిజం.

జెండా బట్ట విషయమూ అంతే. జాతీయ పతాకాన్ని చాలాకాలం చేతితో వడికి, చేతితో నేసిన ఖద్దరుతోనే చేయాలన్న నియమం ఉండేది. 2021 డిసెంబరు చివర్లో చేసిన సవరణతో పాలిస్టరును, మరనేతను కూడా అనుమతించారు. ఖద్దరు కావాలంటే పత్తి పండాలి, గింజ తీయాలి, దూది ఏకాలి, వడకాలి, నేయాలి. మన తెలుగు పల్లెల్లో తరతరాలుగా దూది ఏకినవారు దూదేకుల సోదరులు. వారు ఏకిన దూది ఏ రంగు బట్టలోకి వెళుతుందో వారు అడగలేదు. శ్రమ అన్ని రంగుల్లోనూ కలిసింది.

మనిషిని మరచి వందనం

ఈ జెండా ఎవరు చేశారన్న చర్చ కూడా అప్పుడప్పుడు వేడెక్కుతుంది. తొలి రూపం పింగళి వెంకయ్యది. 1947లో ఇప్పటి రూపాన్ని సిద్ధం చేయడంలో సురయ్యా తయ్యబ్జీకి, ఆమె భర్త బద్రుద్దీన్ తయ్యబ్జీకి పాత్ర ఉందని ఆ కుటుంబం చెబుతూ వచ్చింది. మనలో కొందరు ఈ విషయాన్ని పట్టుకుని, జెండా గీసింది ముస్లిం మహిళ అని వాదానికి దిగుతారు. ఆ కృషి గౌరవించదగినదే. కానీ దాన్ని వాటాగా చూపిస్తే మళ్ళీ పంపకం దగ్గరికే వచ్చినట్లు. ఒక బ్రాహ్మణ కుటుంబపు బిడ్డ, ఒక ముస్లిం దంపతులు, ఒక గుజరాతీ నాయకుడు, ఒక పంజాబీ సోదరుడు కలిసి పెంచిన ఆలోచన అది. అలా చెబితేనే అందరికీ న్యాయం జరుగుతుంది.

పైగా ఆ వెంకయ్యను మనం ఎలా చూసుకున్నాం? 1963 జూలై 4న ఆయన పేదరికంలోనే కన్నుమూశారు. ఆయన పేరుతో తపాలా బిళ్ళ వచ్చింది 2009లో. జెండాకు ఏటేటా వందనం చేస్తూ, దాన్ని గీసిన మనిషి పొయ్యిలో నిప్పు ఉందో లేదో చూడలేకపోయాం. గుర్తును గౌరవించి మనిషిని మరచిపోయే రోగానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

మరో జెండా

1971 చట్టం ప్రకారం జాతీయ పతాకాన్ని బహిరంగంగా కాల్చినా, చించినా, అవమానించినా మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆ చట్టం న్యాయమైనదే. కానీ చట్టం బట్టను మాత్రమే కాపాడగలదు. జెండా కింద ప్రమాణం చేసి లంచం తిన్నవాడిని, జెండా చేతబట్టి పొరుగువాడి దుకాణం మీద రాయి విసిరినవాడిని, దేశభక్తికి పరీక్ష పెట్టే అధికారం తనకే ఉందని వీధిలో నిలబెట్టి నిలదీసేవాడిని ఆ చట్టం పట్టుకోదు. మతం పేరుతో తన దేశ సోదరులను ద్వేషించమని మన పిల్లలకు నూరిపోసేవాడిని కూడా పట్టుకోదు.

అయితే పట్టుకునే న్యాయస్థానం మరొకటి ఉంది. ప్రళయదినాన ప్రతి ద్రోహికీ ఒక జెండా ఎత్తబడుతుందని, ఫలానావాడు చేసిన ద్రోహం ఇదని దానితో చాటబడుతుందని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. ఇచ్చిన మాట గురించి తప్పక ప్రశ్నించటం జరుగుతుందని దివ్యఖుర్ఆన్ కూడా హెచ్చరించింది. ఈ లోకంలో ఎత్తిన జెండా వాగ్దానానికి గుర్తు అయితే, ఆ లోకంలో ఎత్తబడే జెండా భంగపడిన వాగ్దానానికి గుర్తు. ఆ రోజున తన వెనుక ఏ జెండా ఉంటుందో ప్రతి మనిషీ ఇక్కడే నిర్ణయించుకుంటున్నాడు.

ఇంట్లో చేయదగినవి

కనుక మన పిల్లలకు రంగుల పంపకం నేర్పవద్దు, రంగుల అర్థం నేర్పుదాం. జెండాను గౌరవంగా ఎగురవేయటం పౌరుని ప్రాథమిక హక్కులో భాగమని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కును మన ఇళ్ళలోనూ వినియోగించుకుందాం. కాషాయం పైన ఉండాలని, నేలను తాకకూడదని, బల్లమీద గుడ్డలా పరచకూడదని పతాక నియమావళి చెబుతుంది. వేడుక అయ్యాక కాగితపు జెండాలను నేల మీద పారేయకూడదు. మర్నాడు వీధిలో, మురుగుకాలువ పక్కన పడి ఉన్న చిన్న జెండాలను పిల్లలతో ఏరించండి. చిరిగిన జెండాను చాటుగా, గౌరవంగా కాల్చి నిర్మూలించాలన్నది నియమం. ఇవన్నీ మర్యాదలు.

మర్యాదల తర్వాత అసలు పని మిగిలి ఉంటుంది. రాత్రి పడుకునే ముందు పిల్లలను కూర్చోబెట్టుకుని మూడు మాటలు అడగండి. ఈ రోజు నీది వదులుకుని ఎవరికైనా ఇచ్చావా? నీకు నష్టమైనా నిజం చెప్పావా? నేలకు గానీ, చెట్టుకు గానీ, మూగజీవికి గానీ మేలు చేశావా? పెద్దలు కూడా అవే ప్రశ్నలు తమను తాము అడుగుకోవాలి. మన జవాబులు పెద్దవి కాకపోవచ్చు. ఒక రొట్టెముక్క, ఒక నిజం, ఒక చెంబెడు నీళ్ళు చాలు.

ఇచ్చిన మాటను నిలబెట్టుకునే శక్తిని, పొరుగువారి హక్కులను కాపాడే మనసును, పరలోకంలో అవమానపు జెండా నుండి రక్షణను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.